కొసరుకో అర

వన్ టౌన్‌లో మా షాపు ముందు నిలబడితే ఓడ కనబడదు గానీ, ఓడకు కావలసినవన్నీ కనబడతాయి. వైర్ రోపులు, గొలుసులు, కొక్కేలు, కప్పీలు, టార్పాలిన్లు. మా నాన్న తణుకు దగ్గర పల్లెటూరి నుంచి పోర్టులో గుమస్తా పనికి వచ్చి, ఆ పని నచ్చక ఈ కొట్టు పెట్టాడు. స్టీల్ ప్లాంటు వచ్చాక కూర్మన్నపాలెంలో రెండో కొట్టు నేను పెట్టాను. వ్యాపారిని కాబట్టి మనుషుల విషయంలో కూడా నాకు రెండు వైపులా రాసుకునే అలవాటుంది. ఇచ్చింది ఒక పక్క, పుచ్చుకున్నది ఒక పక్క. మామూలుగా రెండూ సరిపోయేటట్టు చూసుకుంటాను. రెండువేల అయిదు జూన్‌లో ఒక పూట మాత్రం పుచ్చుకున్న వైపే బరువెక్కింది. అది ఇప్పటికీ దిగలేదు. దిగాలని నాకూ లేదు.

ముందు సరుకు సంగతి చెప్పాలి. వైర్ రోప్ అంటే సన్నటి ఉక్కు తీగలను పేనిన తాడు. పెద్ద చెక్క డ్రమ్ముకు చుట్టి, అయిదువందల మీటర్లు ఒక్కసారిగా వస్తుంది. డ్రమ్ముతోపాటు టెస్ట్ సర్టిఫికెట్ అని ఒక కాగితం వస్తుంది. ఈ తాడు ఇంత బరువు ఆపుతుందని తయారుచేసిన కంపెనీ ఇచ్చే హామీ అది. డ్రమ్ము ఒకటి, కాగితం ఒకటి. అయితే మేము ఆ డ్రమ్మును కోసి ఎవరికి ఎంత కావాలో అంత అమ్ముతాం. ముక్క కొన్న ప్రతివాడికీ సర్టిఫికెట్ కావాలి. పోర్టులో క్రేన్ల కాంట్రాక్టరుకీ కావాలి, స్టీల్ ప్లాంటులో మరమ్మతుల కాంట్రాక్టరుకీ కావాలి.

మా అకౌంటెంటు గురునాథరావు గారు నాన్న కాలం మనిషి. ఆయన ఆ ఒక్క కాగితానికి జెరాక్సులు తీయించి కస్టమర్ ఫైల్లో ఒకటి, ఓడ ఫైల్లో ఒకటి, సరుకు ఫైల్లో ఒకటి పెట్టేవారు. గోడ పొడుగునా ఇనుప అరలు. అరలు నిండిపోతే ఇంకో గోడ. ఒకసారి ఒక కాంట్రాక్టరు ఇన్‌స్పెక్షన్ ఉందని కాగితం అడిగితే, ఒకే డ్రమ్ముకు మూడు జెరాక్సులు దొరికాయి. ఒకదానిమీద ఉన్న స్టాంపు ఇంకోదానిమీద లేదు. ఏది సరైనదో తేల్చేలోపు ఆయన వేరే షాపుకు వెళ్ళిపోయాడు. పోయిన కస్టమర్ ఖరీదెంతో నాకు తెలుసు. ఆ నెలలోనే కాగితాలు దాచే సాఫ్ట్‌వేరు పెట్టించాను.

పెట్టడానికి వచ్చిన అమ్మాయి సూర్యకళ. కూర్మన్నపాలెంలోనే ఇల్లు, వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో పని. అమలాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి మాట కొంచెం మా ఇంటి మాటలా ఉండేది. మొదటిరోజు మమ్మల్ని ముగ్గురినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. నేను, గురునాథరావు గారు, నా బావమరిది త్రినాథరావు. కౌంటరు చూసేది త్రినాథే. అనకాపల్లి మనిషి, నోరు మంచిది, ఓపిక తక్కువ.

"స్కాన్ చేసిన కాగితం సర్వర్‌లో ఒకేచోట ఉంటుంది సార్," అంది సూర్యకళ. "దానిమీద మనం కొన్ని గుర్తులు రాస్తాం. డ్రమ్ము నంబరు, కస్టమర్, ఓడ పేరు, తేదీ. ఆ తర్వాత ఏ గుర్తు ఇస్తే ఆ అర తయారవుతుంది. దీన్ని వర్చువల్ డైరెక్టరీ అంటారు. అందులో కాగితం ఉన్నట్టే కనబడుతుంది. నిజంగా మాత్రం అక్కడ ఏమీ ఉండదు."

గురునాథరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏటీ లేని అరకా తల్లీ ఇంత డబ్బు పోసినారు మా బాబు?"

"మీ మనవడి పేరేంటండీ?"

"చింటూ. అదెందుకిప్పుడు?"

"చింటూకి మీరు తాతయ్య. ఇక్కడ అకౌంటెంటు. అత్తారింటికెళ్తే అల్లుడు. మూడుచోట్లా మీరొక్కరే కదా, మీకు ఎవరూ జెరాక్స్ తీయలేదు కదా?"

"ఒక్కరితోనే ఏగలేకపోతన్నాం, మూడేటి!" అన్నాడు త్రినాథ్.

గురునాథరావు గారు నవ్వలేదు. కాసేపు తెరవంక చూసి, "అయితే ఇవి ఉత్తుత్తి అరలన్నమాట," అన్నారు. ఆ రోజు నుంచి మా షాపులో వాటి పేరు అదే.

పేరైతే పెట్టారు గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. పదిహేను రోజుల తర్వాత ప్రింటరులో ఇంకు అయిపోయిందని చూస్తే, ఆయన ఒకే సర్టిఫికెట్‌ను ప్రతి ఉత్తుత్తి అరలోంచీ ఒక్కొక్క ప్రింటు తీసి గోడ అరల్లో సర్దుతున్నారు. "ఒక అరలోది పోతే ఇంకో అరలోది ఉంటాది కదా బాబూ," అన్నారు. అన్నీ ఒకటే కాగితమని సూర్యకళ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. విసుక్కోలేదు. ఆయన చేత కస్టమర్ అరలోంచి కాగితం గుర్తుల్లో ఒక తప్పు దిద్దించి, ఓడ అర తెరిచి చూపించింది. అక్కడా దిద్ది ఉంది. అప్పుడు ఆయన మెల్లగా ప్రింటరు స్విచ్ కట్టేశారు.

త్రినాథ్ గొడవ వేరు. సరుకుతోపాటు ఇచ్చే ప్రతి చలానా మీదా డ్రమ్ము నంబరు కొట్టాలని సూర్యకళ పట్టుబట్టింది. అది కొట్టకపోతే చలానా సేవ్ కాకుండా పెట్టేసింది కూడా. "కొనీవోడు తాడడుగుతాడు గానీ డ్రమ్ము జాతకం అడుగుతాడా?" అని వాడు రోజూ సణిగేవాడు. సణుగుతూనే కొట్టేవాడు.

జూన్‌లో ఆ పొద్దున నేను కొట్టు తెరిచి దీపం పెట్టి కూర్చునేసరికి ఫ్యాక్స్ వచ్చి ఉంది. వైర్ రోప్ తయారుచేసే కంపెనీ పంపింది. ఫలానా నంబరు డ్రమ్ములో లోపలి తీగలు పెళుసుగా ఉన్నట్టు తమ దగ్గర దాచిన నమూనా పరీక్షిస్తే తేలిందట. ఆ తాడుతో బరువులెత్తవద్దు, అమ్మినచోట్ల వెంటనే ఆపించండి, బదులు సరుకు పంపుతాం అని రాశారు. ఆ కంపెనీ ఆ సంగతి నొక్కేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. నా లెక్కలో వాళ్ళకూ ఒక పద్దు ఉంది.

చదివినప్పుడు మాత్రం లెక్కలేమీ గుర్తు రాలేదు. తాడు తెగితే ఏమవుతుందో పోర్టులో పుట్టి పెరిగినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైనున్నది కిందపడుతుంది. కింద మనిషి ఉంటాడు.

గురునాథరావు గారు లేచి అలవాటు కొద్దీ గోడ దగ్గరకు వెళ్ళారు. అరల ముందు నిలబడి పైకీ కిందకీ చూశారు. ఆ ఫైళ్ళన్నీ విప్పి, ఆ డ్రమ్ములోంచి ఎవరికి పోయిందో ఏరాలంటే రెండు రోజుల పని. ఆయన వెనక్కి తిరిగి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. "ఆ పిల్లకి ఫోన్ సెయ్యండి బాబూ," అన్నారు.

సూర్యకళ ఆ రోజు అక్కడి కంప్యూటరు చూసే పనిమీద కూర్మన్నపాలెం కొట్టులో ఉంది. నేను ఫ్యాక్స్ చదివి వినిపించాను.

"కొత్త అర తెరవమనండి సార్," అంది. "డ్రమ్ము నంబరు ఒక్కటే గుర్తుగా ఇవ్వమనండి. ఇంకేమీ వద్దు."

గురునాథరావు గారు ఒక్కో అంకే పైకి చదువుకుంటూ కొట్టారు. అంతవరకూ లేని అర తెరమీద పుట్టింది. సర్టిఫికెట్ వచ్చింది. దాని వెనకే, రెండు కొట్లలోనూ ఎవరెవరో ఎప్పుడెప్పుడో స్కాన్ చేసి పెట్టిన చలానాలు ఒకటొకటిగా వచ్చి దాని కింద వరుసకట్టాయి. ఎక్కడెక్కడి చుట్టాలో పిలవగానే వచ్చి నిలబడ్డట్టు ఉంది.

"ఇవన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయా ఇన్నాళ్ళూ?" అన్నాడు త్రినాథ్. తెచ్చిన టీ చేతిలోనే ఉంది.

ఫోన్లు మొదలుపెట్టాం. పోర్టు కాంట్రాక్టరు క్రేను ఆపించి, ఆపానని మళ్ళీ తనే ఫోన్ చేశాడు. స్టీల్ ప్లాంటు వైపు వాళ్ళను సూర్యకళ అక్కడినుంచే పట్టుకుంది. ఓడల్ని లాగే టగ్గు యజమాని నన్ను నాలుగు తిట్లు తిట్టి, చివర్లో థాంక్స్ చెప్పాడు. చలానాలో ఉన్న పేరు ఒక్కటి కూడా మిగలకుండా అందరికీ చెప్పేశాం. త్రినాథ్ అప్పుడు టీ తాగాడు.

నాకు మాత్రం ఏదో సరిపడలేదు. చలానాల్లోని మీటర్లన్నీ కూడి చూశాను. ఇది నాకు రోగం లాంటిది, అంకెలు కనబడితే కింద గీత గీసి కూడతాను. చలానాలన్నీ కలిపితే నాలుగువందల అరవై దాటలేదు. డ్రమ్ము అయిదువందలు.

"డ్రమ్ము ఖాళీయేనా?" అన్నాను.

"ఎప్పుడో ఖాళీ. చెక్క కూడా ఎవడో కట్టెలకి పట్టుకెల్లిపోనాడు," అన్నాడు త్రినాథ్.

"అయితే మిగతా ముప్ఫై ఎనిమిది మీటర్లు ఏమయ్యాయి? కోతల్లో పోయేది మీటరో రెండో."

"అదా? అది అమ్మకం కాదు బావా," అన్నాడు వాడు తేలిగ్గా. "అది కొసరు."

ఇది మా షాపు ఆచారం. డ్రమ్ము అడుగున మిగిలే చివరి ముక్క కాంట్రాక్టర్లకు చాలదు. దాన్ని నాన్న ఎప్పుడూ అమ్మేవాడు కాదు. జాలరిపేట వాళ్ళు ఎవరైనా వేటకు వెళ్ళేముందు సామాన్లు కొనడానికి వస్తే, బేరం అయ్యాక ఆ ముక్క కొసరుగా వేసేవాడు. కొసరుకు బిల్లు ఉండదు. బిల్లు రాస్తే అది కొసరెలా అవుతుంది? బిల్లు లేదు కాబట్టి చలానా లేదు. చలానా లేదు కాబట్టి ఏ అరలోనూ లేదు. కంప్యూటరు తనకు చెప్పిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. దీన్ని మేమే దానికి చెప్పలేదు.

"ఎవరికిచ్చావు త్రినాథ్?"

వాడి మొహంలో నవ్వు పోయింది. కప్పు కింద పెట్టాడు. "ఉండు బావా... వేట నిషేధం అయిపోకముందే వచ్చినారు, సామాన్లకి. నైలాను తాడు కొన్నారు, కప్పీలు కొన్నారు. కొసరెయ్యి కొసరెయ్యని పేనం తీసీసింది..." చివరికి పేరు గుర్తొచ్చి, "కాసులమ్మ," అన్నాడు. "పోలిరాజు బోటు. వల సంచి పైకెత్తడానికి కావాలంది."

కాసులమ్మ మా నాన్న రోజుల నుంచీ మా కొట్టుకు వస్తుంది. మొగుడు పోలిరాజు బోటు నడుపుతాడు. కొడుకు సింహాద్రి అదే బోటులో పని చేస్తాడు. సముద్రంలో వల లాగాక, చేపలతో నిండిన సంచిని ఈ తాడుతో బోటు మీదికి ఎత్తుతారు. సంచి గాలిలో వేలాడుతుండగా ఒక మనిషి దాని కిందికెళ్ళి అడుగు ముడి విప్పాలి. అప్పుడు చేపలు కిందికి జారతాయి. ఆ కిందికెళ్ళే మనిషి సింహాద్రి.

వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ సముద్రం మీదికి పోతున్న రోజులవి. సింహాద్రి సెల్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. కొత్త డ్రమ్ము తెరిచి, మొదటి నలభై మీటర్లు కోయించి, వ్యాన్‌లో పడేశాం. ఉలి, సుత్తి తీసుకోమని త్రినాథ్‌కు చెప్పాను. పోర్టు రోడ్డులో బొగ్గు లారీలు అడ్డం. వాడు హారన్ మీద చెయ్యి తీయకుండా, "ఎల్లిపోకూడదు, ఎల్లిపోకూడదు," అంటూ నడిపాడు. ఎవరితో అంటున్నాడో నేను అడగలేదు.

వెళ్ళేసరికి ఫిషింగ్ హార్బర్‌లో పోలిరాజు బోటు ఇంజను నడుస్తోంది. ఐసు నింపేశారు, డీజిలు పోసేశారు. ముక్కు మీద పసుపు, నిమ్మకాయలు, కొట్టిన కొబ్బరికాయ చిప్పలు. మా తాడు బిగించి ఉంది. దానికి కూడా బొట్టు పెట్టారు. కాసులమ్మ గట్టు మీద నిలబడి బోటులోని వాళ్ళకు ఏవో జాగ్రత్తలు అరిచి చెబుతోంది.

"కాసులమ్మా, మొన్న త్రినాథ్ నీకిచ్చిన కొసరు తాడు వాడొద్దు. విప్పి ఇచ్చెయ్యి," అన్నాను ఆయాసపడుతూ.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత నావైపు చెయ్యి చాపి, హార్బరంతా వినబడేటట్టు, "ఓలమ్మో, సూడండర్రా! కామరాజు బాబు కొసరు ఎనక్కి పట్టుకెల్లిపోడానికి యాన్ ఏసుకుని మరీ ఒచ్చినాడు!" అంది.

గట్టు మీద వలలు సర్దుకుంటున్నవాళ్ళు, గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు తిరిగి చూశారు. "ఏపారం అంత దిగిపోనాదేటి?" అన్నారెవరో. ఇంకెవరో, "కొసరేటి, మొన్న తాగించిన టీ కూడా కక్కించీగల్డు," అన్నారు.

"అది కాదు అప్పా," అన్నాడు త్రినాథ్. "ఆ తాడు మంచిది కాదంట. కంపెనీవోళ్ళు కాయితం పంపినారు. సంచి ఎత్తినప్పుడు తెగిపోతే..."

"బోటు ఎల్లేముందు అలాటి మాటలాడతావేట్రా!" కాసులమ్మ నవ్వు ఆగిపోయింది. "మా బోటుకి పూజ అయిపోనాది. మా అత్త కాలం నుంచీ ఒకటే మాట. పూజ అయ్యాక బోట్లోంచి సీపురుపుల్ల కూడా దించం. కావాలంటే సముద్రం నుంచొచ్చాక రా, ఇచ్చీస్తాను."

బోటులోంచి సింహాద్రి, "ఏటయింది మావా?" అని అరిచాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. లోపలినుంచి పోలిరాజు, "అదేటో బేగి తెముల్చండి, పోటు తిరిగిపోతాది," అన్నాడు.

బేరాల్లో ఒకటి నేర్చుకున్నాను. ఎదుటివాడు దేనికి పట్టుబట్టాడో దాన్ని అడగకూడదు. కాసులమ్మ తాడు కోసం పట్టుబట్టడం లేదు, దించడం దగ్గర పట్టుబడుతోంది.

"దించొద్దు," అన్నాను. "నీ తాడు నీ బోటులోనే ఉంచుకో. కాకపోతే త్రినాథ్‌ని ఎక్కనివ్వు. దాన్ని మూరెడు మూరెడు ముక్కలు చేస్తాడు. బోటు పక్కన వేలాడే టైర్లు కట్టుకో వాటితో. బరువెత్తడానికి ఇదిగో, ఇది కట్టు."

ఆమె వ్యాన్‌లోకి తొంగి చూసింది. "ఇది కూడా చివరి ముక్కేనా?"

"కాదు. డ్రమ్ముకు మొదటి ముక్క."

"ఎంతిత్తన్నావు?"

"ఉన్నదెంతో అంత. ఇంకో రెండు మీటర్లు ఎక్కువే ఉంటుంది."

"డబ్బులు?"

"వద్దు."

కాసులమ్మ ఆలోచించింది. నా మొహం చూసింది, త్రినాథ్ చెమటలు చూసింది. ఎగతాళికి వచ్చిన మనుషులం కాదని అప్పటికి ఆమెకు అర్థమైందనుకుంటాను. అయినా అలవాటు అలవాటే. "మరి దీనికి కొసరేటి?" అంది. గట్టు మీద అందరూ గొల్లుమన్నారు. త్రినాథ్ వ్యాన్‌లోంచి రెండు కప్పీలు తీసి ఆమె చేతిలో పెట్టి బోటు ఎక్కేశాడు.

పాత తాడును ఇనుపదిమ్మ మీద పెట్టి ఉలితో మొదటి దెబ్బ కొట్టాడు. ముక్క తెగింది. సింహాద్రి దాన్ని తీసుకుని చేత్తో వంచాడు. మంచి తాడైతే వంగి, మళ్ళీ చాచుకుంటుంది. ఇది వంగుతుండగానే లోపలి తీగలు టిక్కు టిక్కుమని చీపురు పుల్లల్లా విరిగాయి. పైన మాత్రం నూనె రాసి నిగనిగలాడుతోంది.

సింహాద్రి ఇంకో ముక్క తీసి వంచాడు. అదీ అంతే.

"ముడి ఇప్పీది నానే కదా," అన్నాడు. మమ్మల్ని చూసి కాదు, ఆ ముక్కను చూసి.

కాసులమ్మ చీరె కుచ్చిళ్ళు ఎగదోపి బోటులోకి దిగింది. పాత తాడుకు పెట్టిన కుంకుమనే వేలితో తీసి కొత్త తాడుకు పెట్టింది. నిమ్మకాయ ఒకటి కోసి దిష్టి తీసింది, ముందు తాడుకు, తర్వాత కొడుక్కు. త్రినాథ్ ఆఖరి ముక్క కోసేవరకూ అక్కడే నిలబడి, ఒక్కో ముక్కనూ తన చేత్తోనే టైర్ల దగ్గరకు విసిరింది. చిన్న మేకులాంటి ముక్క కూడా బోటు దాటి బయటపడనివ్వలేదు.

బోటు వెళ్ళాక ఆమె గట్టు మీదికి వచ్చి నా పక్కన నిలబడింది. బోటు హార్బరు ముఖద్వారం దాటేవరకూ చూసి, "నీకెలా తెల్సింది బాబూ?" అంది. "నాకిచ్చినట్టు నువ్వు రాసుకోనేదు కదా."

"రాసుకోలేదు కాబట్టే తెలిసింది," అన్నాను. ఆమె నమ్మలేదు.

మధ్యాహ్నం షాపుకు వచ్చేసరికి సూర్యకళ బస్సు ఎక్కి వచ్చేసింది. జరిగినదంతా త్రినాథ్ చెప్పాడు. మధ్యలో రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగాడు. చివర్లో, "ఇంక నీ డ్రమ్ము జాతకం గురించి నాను నోరెత్తను తల్లీ," అన్నాడు.

"మీరు అన్ని నంబర్లూ సరిగ్గా కొట్టబట్టే కదండీ మిగిలిందెంతో తేలింది," అంది ఆ అమ్మాయి. ఆ మాటకు వాడు కౌంటరు వెనక్కి వెళ్ళి, ఎప్పుడూ తుడవని త్రాసు తుడవడం మొదలుపెట్టాడు.

నేను అడిగాను. "అమ్ముడుపోని సరుక్కి కూడా అర పెట్టొచ్చా అమ్మాయ్?"

"దేనికైనా పెట్టొచ్చు సార్. ఒక కాగితం ఉండాలి, దానిమీద ఒక గుర్తు ఉండాలి. అంతే."

కాగితం ఎలా అన్నదే చిక్కు. కొసరుకు బిల్లు రాయడమంటే నాన్న పద్ధతి తప్పడమే. ఆ చిక్కు విప్పింది గురునాథరావు గారు. "బిల్లు వద్దు బాబూ," అన్నారు. "చలానా రాద్దాం. ధర దగ్గర ఏటీ రాయొద్దు, ఖాళీగా ఒదిలీద్దాం. అమ్మింది కాదు, ఇచ్చింది. ఇచ్చిందని రాత్తే పరువేటి పోతాది?" అని, కొత్త అర తెరిచి, ఎవరినీ అడగకుండా 'కొసరు' అని పేరు కొట్టారు. మొదటి చలానా కాసులమ్మదే. గోడ అరల్లో దానికి జెరాక్స్ పెట్టలేదు.

బోటు తిరిగొచ్చిన మర్నాడు కాసులమ్మ మా కొట్టుకు వచ్చింది. వేట బాగా సాగిందట. బయట సింహాద్రి మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు. "నా పేరు ఆ టీవీలో ఉందంట కదా, త్రినాథ్ సెప్పినాడు. సూపించు," అంది నేరుగా గురునాథరావు గారి దగ్గరకెళ్ళి. సూర్యకళ కూడా అప్పుడు అక్కడే ఉంది.

ఆయన అర తెరిచారు. చలానా, దాని కింద కొత్త తాడు సర్టిఫికెట్. కాసులమ్మకు చదువు రాదు. "ఏటి రాసుంది?" అంటే ఆయన వేలు పెట్టి చదివారు. కాసులమ్మ, జాలరిపేట, నలభై మీటర్లు.

"కాసులమ్మ అనీసి ఒదిలెత్తే ఎలాగ? మా పేటలో కాసులమ్మలు ఎంతమంది లేరు! రేపు మల్లీ ఏదైనా కాయితం వొత్తే, మీరు ఎవుల్దో బోటు కాడికి పరిగెడతారు."

"పోలిరాజు గారి భార్య అని కూడా ఒక అర పెడదామా అమ్మా?" అంది సూర్యకళ. "కాగితం ఒకటే, ఎన్ని పేర్లతోనైనా వెతకొచ్చు."

"ఎన్నైనా పెట్టొచ్చా?"

"ఎన్నైనా."

"డబ్బులేటి ఎక్కువవ్వవు కదా?" అని నావైపు చూసింది.

"అవ్వవు," అన్నాను.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పోలిరాజు పెళ్ళాం అని ఒకటి పెట్టించింది. బోటు నంబరు కంఠతా వచ్చు, అది చెప్పింది. ఇంకా ఆలోచిస్తుంటే బయటనుంచి మోపెడ్ హారన్ గట్టిగా మోగింది. "అమ్మా! బేగి రా, ఎంతసేపు!"

కాసులమ్మ గుమ్మం వైపు తిరిగి, "వొత్తన్నానొరే, ఆగు!" అని అరిచింది. మళ్ళీ ఇటు తిరిగి గొంతు తగ్గించింది.

"సింహాద్రి తల్లి అని కూడా ఒకటి పెట్టండి," అంది.

గురునాథరావు గారు కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో అక్షరమే పైకి చదువుకుంటూ కొట్టారు. అంతవరకూ లేని అర తెరమీద పుట్టింది. అందులో అదే కాగితం. బయట హారన్ మళ్ళీ మోగింది. ఎవరికీ విసుగు రాలేదు.